తీగపాకం

నా తల తెగడానికి ఇంకా పది నిమిషాలుంది.
ఈలోగా ఒక సిగరెట్టు కాల్చుకోవచ్చు,
చొక్కా మీద మాత్రం నిప్పురవ్వ పడకూడదు.
తెల్లచొక్కాలు మూడే ఉన్నాయి,
కాబట్టి ఈ సినిమాలో
మూడుసార్లకు మించి చావలేను.

కవాగుచిలో మూతబడ్డ ఇనుప ఫౌండ్రీ.
ఒకప్పుడు కెటిళ్ళు పోతపోసిన చోట
ఇప్పుడు పేగులు పోస్తున్నారు,
రబ్బరుపాలు, దూది, ఎవరివో పాత మేజోళ్ళు.
ఫిబ్రవరి. రేకుల చిల్లుల్లోంచి దూరే గాలి
మా అందరికంటే బాగా నటిస్తోంది.

మూల గ్యాస్ పొయ్యి మీద నెత్తురు ఉడుకుతోంది.
గరిట మినెగిషి తోకికో గారిది.
పిండిపాకం, మిఠాయి రంగు,
చెంచాడు కాఫీపొడి, రవ్వంత నీలం.
రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూస్తుంది:
"లేతదైతే నీళ్ళలా జారిపోతుంది,
ముదిరితే గొట్టంలో గడ్డకడుతుంది.
తీగ రావాలి."
ఆమె మాటకు ఎదురు లేదు.
ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో
జనం మోచేతి మడతలు తడిమిన వేళ్ళవి.

అప్పట్లో మనిషికి ఐదు మిల్లీలీటర్లు.
పేరు రెండుసార్లు అడిగి, చీటీ అంటించి,
దూది గట్టిగా అదిమిపట్టమని చెప్పి.
చుక్క నేల రాలితే రిపోర్టు రాయాలి.
ఇప్పుడు ఆమె చేతికి ఎముక లేదు.
నా ఒక్క మెడకే నలభై లీటర్లు,
బత్తాయి తోటలకు మందుకొట్టే పంపులోంచి.

కథ ఉంది, లేకేం.
వీధి స్నానశాల నడిపే పిల్ల,
పన్ను బకాయికి జప్తు చేయవచ్చిన గుమస్తాలు,
వాళ్ళ పొట్టల్లోంచి లేచే లెక్కల యంత్రాలు,
పిల్ల మోకాలిచిప్పలో దాచిన రంపం.
దర్శకుడు ఉరబే ఇంకా వివరంగా చెప్పగలడు.
ఎవరూ అడగరు.

"తయార్!"
అసలు తలను చొక్కాలోకి ముడుచుకుని
బొత్తాల సందులోంచి చూస్తున్నాను.
పైన ప్లాస్టరు తల నాకంటే అందగాడు.
హిరుమా సుజునే మోకాలు లేస్తుంది.
వారంలో ఐదురోజులు కళ్ళజోళ్ళు అమ్మే పిల్ల,
నా మెడ కోసే ముందు కూడా
"క్షమించండి" అని గొణుగుతుంది.
తర్వాత వాన.
పైకప్పు దాకా లేచి, దూలానికి కొట్టుకుని,
కెమెరా గొడుగు మీద, లైట్ల మీద, అన్నం డబ్బాల మీద.
"కట్" అనేదాకా ఊపిరి బిగబట్టి
అప్పుడు నవ్వాం, కడుపు చెక్కలయ్యేలా,
ముందే చెక్కలైన కడుపులు
పక్కన వరసగా పెట్టుకుని.

మూడో చొక్కాకి ముందు
పాకం డబ్బా మూత తీస్తూ
సౌండు కుర్రాడు అరచెయ్యి కోసుకున్నాడు.
ఎంతో కాదు. సన్నగా, నల్లగా,
సిగ్గుపడుతున్నట్టు వచ్చింది.
ఉరబే వంగి చూసి "రంగు బాలేదు" అన్నాడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

తోకికో గారు పంపు వదిలేసి వచ్చింది.
"పేరు?"
"మీకు తెలుసుగా."
"పేరు."
"తొగాషి."
"పూర్తి పేరు."
"తొగాషి రెంపెయ్."
"దూది అదిమిపట్టు. వదలకు."
తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని,
చీలమండ లోతు ఎర్రటి మడుగు అంచున
ఒకేచోట గుడ్డతో తుడిచింది.
వాడి చుక్క అదేనని ఎలా తెలిసిందో
నేను అడగలేదు.

మూడోసారి చచ్చి, ఆఖరి రైలెక్కాను.
ఎదురు సీట్లో పిల్లాడు నా చెవి వైపే చూస్తున్నాడు.
చెవి వెనక గోటితో గీకి, వాడికి చూపించి,
నాలిక మీద పెట్టుకున్నాను.
తియ్యగా ఉంది.
వాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు, 
వాళ్ళమ్మ పెట్టె మారింది.

అకబానే దాటుతుండగా ఉరబే ఫోను:
"నీ దగ్గర నీలం చొక్కా ఏమైనా ఉందా?"